కేంబ్రిడ్జి ఆదివారములు



అనంతపురమునకు దక్షిణముగా, బెంగుళూరు పోవు రహదారిని ఆనుకొనియున్న మా రాప్తాడులో పొరుగూరి మనిషి ఎదురుపడినపుడు ఆలుబిడ్డల క్షేమము విచారించుటకు ముందే "మీ పక్క వానొచ్చిందేమప్పా?" అని అడుగుట తాతలనాటి నుండి వచ్చుచున్న మర్యాద. ఆ ప్రశ్నకు "వచ్చింది" అను జవాబు ఏడాదిలో ఎన్నిమారులు దొరకునో ఈ సీమవారికి నేను వివరింపనక్కరలేదు. అట్టి ఎర్రనేలమీద పుట్టి, చెనిక్కాయ పంటను నమ్ముకొన్న ఇంట పెరిగి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు వయస్సు గడపిన నేను, ఉద్యోగవిరమణానంతరము, మా చిన్నవాని సంసారమును కన్నులార చూడవలెనను మా ఇల్లాలి పట్టుదలకు లోబడి, ఇంగ్లండు దేశమునకు పోయి, కేంబ్రిడ్జి నగరపు పొలిమేరలో చలికాలము మొదలుకొని వేసవి తొలినాళ్ళ వరకు నివసించి వచ్చితిని. ఆ కాపురపు తీరుతెన్నులు, అందును ముఖ్యముగా వారి ఆదివారపు షికార్లు, నేటి నా ప్రసంగవిషయము.

తెలుగువారు ఇంగ్లండునకు పోవుట కొత్త కాదు. మదరాసు కాపురస్థురాలైన పోతం జానకమ్మ అను తెలుగు ఇల్లాలు 1870 దశకపు తొలినాళ్ళలోనే భర్తతో కలిసి సముద్రము దాటి, తాను చూచినదెల్ల తెలుగున వ్రాసికొనగా, 1876లో దాని ఆంగ్లరూపము "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" అను పేర మదరాసున అచ్చయినది. మన రాయలసీమ బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ కేంబ్రిడ్జిలోనే, సెయింట్ జాన్స్ కళాశాలలో చదివిరి. అయితే ఆమె చుట్టపుచూపుగా పోయినది, ఆయన విద్యకై పోయినవారు. ఇరువురును పనియైన పిదప తిరిగివచ్చిరి. 1960ల నుండి అచటి ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేయుటకు పోయిన వైద్యులును, ఈ శతాబ్దమున కంప్యూటరు ఉద్యోగములకై పోయినవారును అట్టివారు కారు. వారు అక్కడ పొయ్యి వెలిగించినవారు, బిడ్డలను బడిలో వేసినవారు, ఏ వారము ఏ రంగు చెత్తడబ్బాను వీధిలో పెట్టవలెనో గుర్తుంచుకొనవలసినవారు. యాత్రికునికి కనబడు ఇంగ్లండు వేరు. చెత్తడబ్బా బాధ్యత గలవానికి కనబడు ఇంగ్లండు వేరు.

అక్కడివారును కలిసినంతనే వానమాటయే ఎత్తుదురు. మనము రాలేదని వాపోవుదుము, వారు వచ్చెనని విసుగుకొందురు. ఇంతవరకు ఆ దేశము పోయివచ్చిన ప్రతివారును చెప్పునదే. నన్ను నివ్వెరపరచిన సంగతి మరియొకటి కలదు. మన అనంతపురమున ఏడాదికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు; ఇంగ్లండు తూర్పుభాగమున, ఆ దేశపు పొడిసీమలలో ఒకటిగా పేరుపడిన కేంబ్రిడ్జిలో కురియు వానయు ఇంచుమించుగా అంతియే! మా మనుమడు బడిలో ఇచ్చిన పనికై ఈ లెక్క తీసి చూపించినపుడు నేను నమ్మలేక, అద్దములు తుడుచుకొని ఆ అంకెలను మరల మరల చూచితిని. ఒకే కొలత నీరు ఒకచోట పచ్చికబీళ్ళను, ఒకచోట బీటలువారిన చేలను ఏల మిగిల్చినది? అచట ఏడాదిలో నూరుదినములకు మించి, ఏ మాసమును విడువక, తుంపరతుంపరగా రాలును. చల్లని నేల దానిని దాచుకొనును. అచటి ఎండకు నీటిని పీల్చివేయునంతటి వాడి లేదు. మనకడనో, ఏడాది వానలో పెద్దపాలు కొద్ది దినములలోనే కురిసి, పండమేరు వంకను పొంగించి, గట్లు తెంచి, ఆ పిమ్మట నెలల తరబడి మొగము చాటువేయును. నిలిచిన కాసిని నీటిని ఎండయు గాలియు పంచుకొనును.

మనుష్యుల వేడుకలును ఆయా దేశపు వానలవలెనే కురియునేమో యని నాకు తోచినది. మా ఇండ్లలో షికారను అలవాటే లేదు. కదిరి నరసింహస్వామి తేరు, పెన్నహోబిలపు తిరునాళ్ళ, గూగూడు కుళ్ళాయిస్వామి పీర్లపండుగ, మేనత్త కూతురి పెండ్లి, వీనిలో ఏదియో ఒకటి వచ్చినపుడు ట్రాక్టరు నిండ బంధువులు, చద్దిమూటలు, పిల్లల ఏడ్పులు, ఒడలు తెలియని సంబరము; ఆ పిమ్మట ఎవరి చేను వారిది, ఎవరి అప్పు వారిది. మావాని ఇంట సంబరము తుంపరగా వచ్చును: వారమునకొక పూట, నలుగురే మనుష్యులు, చిన్న కారు, ఒక గిన్నెలో చిత్రాన్నము, ఫ్లాస్కులో టీ. "వారానికొకసారి దొరికే సెలవు, ఇంట్లో నెమ్మదిగా పండుకోకుండా యాడికమ్మా ఈ తిరుగుడు?" అని మా ఇల్లాలు కోడలిని అడిగినది. "ఇక్కడ మన గడప తొక్కేవాళ్ళు ఎవరుండారత్తా? మనం పోకపోతే వారమంతా ఈ నాలుగు మొగాలే" అని ఆమె గిన్నె మూతపెట్టుచు చెప్పెను.

ఆ మాట వారపు దినములను చూచినవారికిగాని బోధపడదు. కోడలు ఆసుపత్రిలో, మావాడు కంప్యూటరు సంస్థలో. పనిమనిషి లేదు, పొరుగింటి పిన్నమ్మ లేదు, పిలువకయే వచ్చి కూర్చుండు మేనమామ లేడు. డిసెంబరులో ఉదయము ఎనిమిదింటికిగాని పొద్దుపొడువదు, సాయంకాలము నాలుగు కొట్టకమున్నే క్రుంకును. చీకటిలో పోయి చీకటిలో వచ్చుటయే. ఎదురింటివారు మంచివారే, చిరునవ్వు నవ్వి, వానమాట చెప్పి, తమ తలుపు మూసికొందురు. జూనులో రాత్రి తొమ్మిది దాటినను వెలుతురు పోక, పిల్లలు నిద్రపోమని మొండికెత్తుట వేరొక బాధ. నాకు అప్పగించిన ఉద్యోగము మనుమలను బడికి దింపి తెచ్చుట. సాయంకాలము బడిగేటు కడ నా వంటి ముసలివారెందరో గుమిగూడెడివారు: పోలండు అవ్వలు, పంజాబు తాతలు, చీనా అమ్మమ్మలు. ఎవరి ఇంగ్లీషు వారికే తెలియును. చలిని గురించి మాత్రము చేతులతో, భుజములతో ధారాళముగ మాట్లాడుకొనెడివారము. ఉపాధ్యాయిని గుమ్మమున నిలిచి, ఏ బిడ్డకై ఎవరు వచ్చిరో మొగము చూచి గుర్తుపట్టిన పిదపనే బిడ్డను విడిచిపెట్టును. గంట కొట్టిన మరునిమిషమున పిల్లలు నాలుగు దిక్కులకు పరుగెత్తు బడులలో జీవితము గడపిన నాకు ఆ అప్పగింత ఎంతో ముచ్చట గొలిపినది. కాని అదే బడి, పని దినములలో పిల్లలను మానిపించి యాత్రలకు తీసికొనిపోయినచో, తల్లిదండ్రులకు జరిమానా తెచ్చిపెట్టును. అందుచేత సంక్రాంతికి గాని, ఉగాదికి గాని బిడ్డలతో సొంతయూరికి వచ్చుట వారికి కుదరదు. వేసవిలోని ఆరువారముల సెలవే గతి; అది మాకు చెనిక్కాయకు కలుపు తీయు కాలము.

ఇక షికార్ల సంగతి. కారు దిగి నడచుటయే అందు ముఖ్యభాగము. ఇంగ్లండు, వేల్సులలో సర్వజనులకును నడచు హక్కుగల దారులన్నియు కలిసి సుమారు 2,25,000 కిలోమీటర్ల పొడవు కలవు. ఇవి సర్కారు భూములలోనే కాక, రైతుల సొంత చేలకు అడ్డముగా పోవును. కంచెకడ పసుపుపచ్చని బాణపు గుర్తుగల కొయ్యగుంజ నిలిచియుండును. గొర్రె దాటలేనట్లును మనిషి దాటగలుగునట్లును అచట కొయ్యమెట్లో, తిరుగుడు గేటో అమర్చియుందురు. దాటినతోడనే గోధుమచేని నడుమ మీటరు వెడల్పున తెరచిన బాట. రైతు ఆ బాటను కూడ దున్నుకొనవచ్చును గాని, దున్నిన 14 దినములలో దానిని మరల చదునుచేసి, జాడ తెలియునట్లు చేయవలెనని 1990 నాటి చట్టము. శ్రోతలారా, నేను రైతుబిడ్డను. గట్టు మూరెడు జరిగినదని అన్నదమ్ములు మాటలు మానుకొనుటయు, బండిరస్తా కోసము ముసలివారు తహసీల్దారు కచేరి మెట్లెక్కి దిగుటయు చూచినవాడను. ఒకని చేనిలోనుండి ఊరివారును, ఊరుకాని ఊరివారును, తుదకు రాప్తాటివాడును, ఎవరిని అడుగక, తలయెత్తుకొని నడచిపోవుట యనిన నాకు తొలినాడు కాళ్ళు ముందుకు పడలేదు. ఒకచోట భూస్వామియే ట్రాక్టరుమీద ఎదురు వచ్చెను. నేను నిలిచిపోతిని, చెప్పవలసిన సంజాయిషీ ఇంగ్లీషున కూర్చుకొనుచుంటిని. అతడు చేయి ఊపి, దున్నుకొనుచు పోయెను.

ఈ హక్కు ప్రభువులు దయతలచి ఇచ్చినది కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు పరిసరముల పనివాండ్రు వందలకొలది, కిండర్ స్కౌట్ అను కొండమీద, ధనికుల పక్షివేటకై ఇతరులకు నిషేధించిన బీడులోనికి కావలెననియే నడచిపోయిరి. అయిదుగురికి చెరసాల శిక్ష పడినది. 1949లో జాతీయ వనములను, పల్లెదారులను గూర్చిన చట్టము వచ్చుటయు, 1951లో ఆ కొండలున్న పీక్ డిస్ట్రిక్టే మొదటి జాతీయ వనమగుటయు ఆ పిమ్మటి కథ. వారమంతయు మిల్లు పొగ పీల్చిన వారు చెరసాలకు పోయి సంపాదించిన ఆదివారపు గాలి, ఎక్కడి రాప్తాడు నుండియో పోయిన మా కోడలికిని దక్కుచున్నది.

1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్టు అను సంస్థ పాత ప్రభువుల భవంతులను, ఉద్యానములను కాపాడుచుండును. ఏడాది చందా కట్టినవారు ఎన్నిమారులైనను పోయి చూడవచ్చును. మావాడును చందాదారుడే. తోటలు బాగుగనే యున్నవి గాని, లోపలి పింగాణి పాత్రలు, వెండి చెంచాలు, ఎవరును కూర్చుండరాని కుర్చీలు చూచి నేను త్వరలోనే అలసిపోతిని. ఈ సంపద ఎచటిదని అడుగవలెనని నోటిదాక వచ్చినది. ఆ సంస్థయే 2020లో తన అధీనమున నున్న 93 స్థలములకు వలసపాలనతోనో, బానిసల వ్యాపారముతోనో సంబంధము కలదని నివేదిక ప్రకటించినదని మావాడు చెప్పెను. మన దత్తమండలమునకు 1800లో కలెక్టరుగా వచ్చి, అనంతపురమున కచేరి పెట్టి, ఊరూర శిస్తు కట్టించిన థామస్ మన్రోయు స్వదేశము విడిచి పరదేశమున బ్రతికినవాడే గదా! ఆయన ఇంటికి వ్రాసిన ఉత్తరములు పుస్తకములకెక్కినవి. మా కోడలి వాట్సాపు కబుర్లకు ఆ భాగ్యము కలుగునని నాకు నమ్మకము లేదు.

అన్ని షికార్లలోను నన్ను వెంటాడి వచ్చినది ఒకటి. కేంబ్రిడ్జికి ఉత్తరముగా ఫెన్స్ అను పల్లపుసీమ కలదు. ఒకప్పుడు అదంతయు రెల్లు, బురద, చేపలు, నీటిపక్షులు. ఈలీ పట్టణము ఆ నీటినడుమ ద్వీపముగా నుండెను, దాని మహాచర్చి నేటికిని ఎన్నో మైళ్ళకు కనబడును. పదునేడవ శతాబ్దమున బెడ్‌ఫర్డు ప్రభువును మరికొందరు ధనవంతులును పెట్టుబడి పెట్టి, వెర్ముయిడెన్ అను డచ్చి ఇంజనీరును నియమించి, తిన్నని కాలువలు త్రవ్వించి ఆ నీటిని సముద్రములోనికి తరలించిరి. నల్లని నేల బయటపడినది, పంటలు పండినవి. కాని ఎండిన కొలది ఆ నేల క్రుంగినది, క్రుంగిన కొలది నీరు తానుగా పారుట మానినది. గాలిమరలతో తోడిరి, పిదప ఆవిరియంత్రములతో, డీజిలుతో, విద్యుత్తుతో తోడిరి, నేటికిని తోడుచునే యున్నారు. హోమ్ ఫెన్ అనుచోట 1851లో ఒక ఇనుపస్తంభమును, దాని తల నేలమట్టమునకు సమముగ నుండునట్లు పాతిరి. స్తంభము కదలలేదు, నేలయే దిగిపోయినది. నేడది సుమారు నాలుగు మీటర్లు పైకి లేచి నిలిచియున్నది. మా మనుమరాలు దాని ప్రక్క ఫోటో దిగుటకు నిలువబడినపుడు దాని తల చూచుటకు మెడ వెనుకకు వంచవలసివచ్చెను.

మా పొలమున మా నాయన కాలమున కపిలబావి యుండెను. అది ఎండగా దానిలోనే బోరు వేసిరి. అదియు ఎండగా చేనిలో మరియొకటి. నేడు మా పక్క వేయి అడుగులు దింపినను దుమ్ము తప్ప నీరు లేవని బోర్లు తక్కువ కావు. ఒక్కొక్క గొట్టము ఒక్కొక్క అప్పు. ఆ స్తంభము ముందు నిలిచి నేను చాలసేపు కదలలేకపోతిని. వారు మూడు శతాబ్దములకు పైగా నీటిని పైకెత్తి సముద్రమున పారబోయుచున్నారు. మనము మల్యాల కడ కృష్ణనీటిని పైకెత్తి హంద్రీనీవా కాలువలో అనంతపురమునకు తెచ్చుకొనుచున్నాము. మోటారు అదే, కరెంటు బిల్లు అదే, నీటి దిక్కు మాత్రము వేరు. అయితే నీరు తోడిన కొలది ఏదియో ఒకటి లోనికి దిగుట మాత్రము ఉభయత్ర సమానము. అక్కడ దిగిన నేల ఇనుపస్తంభముపై అందరికిని కనబడుచున్నది, మాకడ నీటిమట్టము బోరు గొట్టములో ఎవరికిని కనబడక దిగుచున్నది. ఇపుడు వారు హోమ్ ఫెన్ చుట్టుపట్ల కొన్ని చేలను కొని, కాలువలు మూసి, నేలను మరల తడుపుచున్నారు. మా మండలమునను ఇట్టి స్తంభమొకటి, నీటిమట్టము తెలుపునది, బస్టాండు ముందు పాతిన మేలని నా అభిప్రాయము.

సముద్రతీరమునకు పోయిన సంగతి ముక్తసరిగా చెప్పుదును. హన్‌స్టంటన్ అను ఆ ఊరి దరి కొండ ఎరుపు తెలుపు చారలతో అందముగ నుండును. ఊరు తూర్పుతీరముననే యున్నను దాని మొగము పడమటికి తిరిగియుండుటచే సూర్యాస్తమయము సముద్రముమీదనే కనబడును. ఆ గాలిలో పిల్లలు ఐస్‌క్రీము తినుచుండగా మేమిరువురము కారు అద్దములు బిగించుకొని చిత్రాన్నము తింటిమి. ప్రక్క కారులో ఒక ఆంగ్ల వృద్ధదంపతులును అదేపని చేయుచుండిరి.

మా ఇల్లాలికి మిక్కిలి నచ్చినది షికారే కాదు. ఇంటి నుండి నడచిపోగల దూరమున మావాడు కౌలుకు తీసికొన్న ఆరు సెంట్ల మడి. అచటి స్థానిక పాలకసంస్థలు కోరినవారికి కాయగూరలు పండించుకొనుటకు ఇట్టి మడులు ఏర్పరుపవలెనని 1908 నాటి చట్టము. ఒక్కొక్కటి సుమారు 250 చదరపు మీటర్లు. పేరు వ్రాయించుకొని, ఏండ్ల తరబడి వేచియుండినగాని దొరకదు. చేతికి రాగానే మావాడు అందులో గుడారమంత అర కట్టి, లోపల ఒక పార, ఒక కుర్చీ పెట్టెను. మా ఇల్లాలు పోయినది మొదలు ఆ కుర్చీ ఎవరికిని ఖాళీ లేదు. మెంతులు చల్లినది, కొత్తిమీర చల్లినది, మొలక రాలేదని నేలను తిట్టినది, వచ్చినపుడు పక్క మడులన్నిటికి పంచినది. ఒక ప్రక్కమడి ముసలాయన ఆకును వాసన చూచి, తన బంగాళాదుంపలు సంచెడు ఇచ్చి, దానితో ఏమి వండవలెనో తెలిసికొనుటకు ఒక శనివారము ఇంటికే వచ్చెను. మావాడు ఆ ఊరు చేరిన పిదప భోజనమునకు ఆ గడప తొక్కిన మొదటి ఆంగ్లేయుడు ఆయనయే. ఊరుబిండి నోట పెట్టుకొని, కన్నులు తుడుచుకొని, మరల వేయించుకొనెను. ఆ మడిలో మావాడు చెనిక్కాయ కూడ వేసెను. పూసినది, ఊడలు దిగినవి, కాయలో గింజ నిండలేదని తరువాత ఫోనులో చెప్పెను. నేలలో తడి చాలక కాదు, వేడిమి చాలకయట! చెనిక్కాయకు నీరు మిగిలి ఎండ కరవైన దేశమును తలచుకొని మా ఊరిలో నలుగురు నవ్వుకొంటిమి.

బంధువులు లేని లోటు ఒకనాడు మాత్రము తీరినది. బర్మింగ్‌హాము దగ్గర టివిడేల్ అనుచోట 2006లో ప్రతిష్ఠితమైన వేంకటేశ్వరస్వామి ఆలయమునకు పోయితిమి. కేంబ్రిడ్జి నుండి రెండు గంటలకు మించిన ప్రయాణము. చెప్పులు విడుచుచోటనే తెలుగు వినబడెను, అందులో ఒక గొంతు "యాడుండావ్? నేను ఈడే" అని ఫోనులో మన సీమ యాసతో పలుకుచుండెను. మా ఇల్లాలు స్వామిని మరచి ఆ గొంతు వెంటబడినది. ఆమెది తాడిపత్రి! ఇరువురును అచటనే నిలిచి ముందుగా అడుగుకొన్న ప్రశ్న ఏదియో శ్రోతలు ఊహింపగలరు.

పోయిన ఆగస్టులో మనుమలు రాప్తాటికి వచ్చిరి. ఆదివారము తెల్లవారగానే మనుమడు బూట్లు తొడిగి "అబ్బా, ఈ రోజు ఏ దారిన నడుద్దాం?" అని వాకిట నిలువబడెను. పసుపు బాణపు గుర్తులు మాకు లేవు గనుక మా చేనిగట్టు పట్టుకొని చెరువువైపు బయలుదేరితిమి. పక్కచేని రైతు కలుపు కూలీలను విడిచి ఎదురువచ్చి "యాడికి సారూ, ఇంత పొద్దున్నే అందరూ?" అని అడిగెను. "ఊరికే నడుస్తాండామప్పా" అంటిని. అతడు నన్ను, పిల్లల బూట్లను, మావాని చేతనున్న ఫోనును కలయజూచి, గొంతు తగ్గించి "కొంటాండారా, అమ్ముతాండారా?" అనెను. రహదారి ప్రక్క భూములకు వచ్చిన బేరములు చూచినవాడు గనుక అతని అనుమానమును నేను తప్పుపట్టను. రెండును కావని ఎంత చెప్పినను నమ్మక, చెరువుకట్ట దాక మా వెంటనే వచ్చి, కేంబ్రిడ్జి పక్కన ఎకరము ఎంత పలుకునో మనుమని అడుగుచునే యుండెను.